ముసురు పట్టిన రోజు రాయాలని ఎందుకు అనిపిస్తుంది?

పోయిన అక్టోబర్‌లో ఒక గురువారం. వాన మొదలై అది మూడో రోజు. మధ్యాహ్నం రెండింటికి కరెంట్ పోయింది. ల్యాబ్ క్యాన్సిల్ అని గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. నా ఫోన్‌లో 11 శాతం ఛార్జింగ్ ఉంది. రూమ్మేట్ దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంది. నేను కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని, డీబీఎంఎస్ రికార్డ్ వెనక ఖాళీగా ఉన్న పేజీల్లో రాయడం మొదలుపెట్టా.

ఎవరూ రాయమని అడగలేదు. మార్కులు లేవు. నేను మామూలుగా వాట్సాప్ స్టేటస్ పెట్టడానికి కూడా బద్ధకించే మనిషిని. అలాంటిది గంటలో రెండున్నర పేజీలు రాశా. కిటికీ ఊచల మీద చినుకులు, కింద సైకిల్ స్టాండ్‌లో తడుస్తున్న కుక్క, చిన్నప్పుడు మా ఊళ్ళో అరుగు మీద కూర్చుని తిన్న వేయించిన వేరుశనక్కాయలు, అన్నీ వచ్చేశాయి. అంతా ఇంగ్లీష్‌లోనే. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి చెయ్యి దానంతట అదే అటు పోయింది.

సాయంత్రం కరెంట్ రాలేదు కానీ మనసు చాలా తేలిగ్గా ఉంది. మిగిలిన ఛార్జింగ్‌తో తాతయ్యకి ఫోన్ చేశా. ఆయన పశ్చిమ గోదావరిలో మా ఊళ్ళో ఉంటాడు. మాకు రెండెకరాల వరి.

"తాతయ్యా, ఇక్కడ వాన ఎంత బాగుందో తెలుసా!" అన్నా.

ఆయన ఒక్క క్షణం ఆగి, "ఇక్కడ చేను పడిపోయింది తల్లీ," అన్నాడు.

గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. ఫోన్ పెట్టేశాక నేను రాసిన రెండున్నర పేజీలు మళ్ళీ చదువుకుంటే ఏదో తప్పు చేసినట్టు అనిపించింది. అప్పట్నుంచి నా బుర్రలో రెండు ప్రశ్నలు తిరుగుతూనే ఉన్నాయి. అసలు ఇలాంటి రోజుల్లోనే రాయాలని ఎందుకు అనిపిస్తుంది? అనిపించినప్పుడు ఏం రాయాలి? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల గురించి. మొదటిదానికి కొంచెం చదివా. రెండోదానికి జవాబు తాతయ్య దగ్గర దొరికింది.

శరత్తులో వాన ఎక్కణ్ణించి వచ్చింది?

పుస్తకాల్లో శరదృతువు అంటే వానలు వెళ్ళిపోయిన కాలం. ఆశ్వయుజం, కార్తీకం. తేటపడిన ఆకాశం, వెన్నెల, రెల్లు పూలు. కానీ బంగాళాఖాతం పక్కన ఉన్నవాళ్ళకి ఆ పాఠం అంతగా అతకదు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్ళేది, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేది అక్టోబర్‌లోనే. కోస్తా ఆంధ్రకీ రాయలసీమకీ ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంది. దాంతోపాటు ఆ నెలల్లో సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి అల్పపీడనాలు పుడతాయి. అవి బలపడితే వాయుగుండం, గాలి గంటకి 62 కిలోమీటర్లు అందుకుంటే తుఫాను. హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది 2014 అక్టోబర్ 12న. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న. మా తాతయ్య కాలాన్ని అక్టోబర్, నవంబర్ అని చెప్పడు. చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు అంటాడు. సంవత్సరానికి 27 కార్తెలు, ఒక్కోటీ పదమూడు, పద్నాలుగు రోజులు.

ఈ వాన జూన్ వానలా ఉండదు. జూన్‌లో ఉరుములతో వచ్చి, దబదబా కురిసి, వెళ్ళిపోతుంది. అక్టోబర్ అల్పపీడనం అయితే ముసురు పడుతుంది. రోజుల తరబడి ఒకే బూడిద రంగు, ఒకే చప్పుడు. ముసురు అనే మాట నాకు చాలా ఇష్టం. ఈగలు ముసురుకుంటాయి అంటాం, ఆలోచనలు ముసురుకున్నాయి అని కూడా అంటాం. రెండూ ఒకే మాటలో ఉన్నాయని నాకు ఈ వ్యాసం రాస్తున్నప్పుడే తట్టింది.

వెలుతురు తగ్గితే ఏమవుతుంది?

వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో అది లక్ష దాకా పోతుంది. దట్టంగా మబ్బు పట్టిన రోజు బయట సుమారు వెయ్యి, రెండు వేలు. గది లోపలైతే ఇంకా తక్కువ. మన కళ్ళకి మాత్రం ఇంత తేడా ఉన్నట్టే తెలియదు, ఎందుకంటే అవి సర్దుకుపోతాయి. కానీ కంటి వెనక పొరలో, చూడటం కోసం కాకుండా వెలుతురు ఎంత ఉందో లెక్కపెట్టి మెదడుకి చెప్పే కణాలు కొన్ని ఉంటాయి. మన ఒంట్లో పగలూ రాత్రీ నడిపే గడియారం వాటి మాట వింటుంది. వెలుతురు బాగా ఉంటే "లే, పని చూడు" అని, తగ్గితే "నెమ్మదించు" అని. ముసురు రోజు మధ్యాహ్నం మూడింటికే సాయంత్రం అయిపోయినట్టు, ఒళ్ళు బరువుగా ఉండటానికి ఇది ఒక కారణం.

నెమ్మదించడం ఒక్కటే అయితే నిద్రపోవాలి, మా రూమ్మేట్ లాగా. రాయాలని ఎందుకు? 2013లో జర్మనీకి చెందిన అన్నా స్టైడిల్, లియోబా వెర్త్ అనే పరిశోధకులు దీనికి దగ్గరగా ఉన్న విషయమే పరీక్షించారు. మసక వెలుతురులో కూర్చున్నవాళ్ళు కొత్త ఆలోచన కావాల్సిన పజిల్స్ ఎక్కువ విప్పగలిగారు. మామూలు లాజిక్ లెక్కలు మాత్రం బాగా వెలుతురున్న చోటే బాగా చేశారు. వాళ్ళు చెప్పిన కారణం సింపుల్‌గా ఉంది. వెలుతురు తగ్గినప్పుడు మనల్ని ఎవరో చూస్తున్నారన్న భావన తగ్గుతుంది. కట్టుబాట్లు కొంచెం సడలినట్టు ఉంటుంది. అందుకని మనసు అటూ ఇటూ తిరగడానికి ధైర్యం చేస్తుంది.

నా వరకు ఇది నిజం. ఎండలో కూర్చుని "చిన్నప్పుడు నేను ఏడ్చిన రోజు" అని రాయమంటే సిగ్గేస్తుంది. మబ్బులో రాయగలను. కోడ్‌లో బగ్ వెతకాలంటే మాత్రం మబ్బు రోజు పనికిరాదు. పై పరిశోధనని నమ్మితే దానికీ సాకు దొరికినట్టే!

చప్పుడు చేసే పని

ఈ సెమిస్టర్‌లో మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉంది. అందులో ఇంటరప్ట్‌లు అని ఒక పాఠం. సీరియస్‌గా ఒక పని చేసుకుంటున్న ప్రాసెసర్ భుజం తట్టి "ఇది చూడు, అది చూడు" అని పిలిచే సంకేతాలు అవి. కీబోర్డ్ నొక్కితే ఒకటి, నెట్‌వర్క్ నుంచి డేటా వస్తే ఒకటి. మధ్యలో ఆపకూడని పని ఏదైనా ఉంటే సిస్టమ్ కాసేపు ఆ ఇంటరప్ట్‌లని మాస్క్ చేస్తుంది. అవి తలుపు తడుతూనే ఉంటాయి, లోపలికి మాత్రం వినపడవు.

వాన చప్పుడు అచ్చం అదే పని చేస్తుంది. వాన శబ్దంలో సన్నవీ లావువీ రకరకాల ధ్వనులు కలిసి, దాదాపు ఒకే మోతాదులో పడుతూ ఉంటాయి. అందులో అర్థం చేసుకోవాల్సింది ఏమీ లేదు కాబట్టి కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కానీ ఆ చప్పుడు కింద మిగతావి మునిగిపోతాయి. పక్క గదిలో రీల్స్, కారిడార్‌లో బకెట్ లాగుతున్న శబ్దం, రోడ్డు మీద హారన్. మన దృష్టిని లాగేది పెద్ద చప్పుడు కాదు, హఠాత్తుగా మారే చప్పుడు. వాన ఆ మార్పులని కప్పేస్తుంది.

శబ్దం మీద కూడా ఒక పరిశోధన ఉంది. 2012లో రవి మెహతా బృందం 50, 70, 85 డెసిబెల్స్ దగ్గర మనుషుల సృజనని పోల్చి చూసింది. చప్పుడు తక్కువగా, అంటే 50 దగ్గర, ఉన్నప్పటికంటే మధ్యస్తంగా, అంటే 70 దగ్గర, బాగా చేశారు. 85 దగ్గర దెబ్బతింది. అది వాన శబ్దంతో చేసింది కాదు, హోటల్ లాంటి చోట ఉండే సందడితో చేసింది. అయినా మనకి అర్థమయ్యేది ఒకటుంది: రాయడానికి పిన్ డ్రాప్ సైలెన్స్ అక్కర్లేదు. పిలవని చప్పుడు ఉంటే చాలు. రేకుల షెడ్డు మీద పడే వాన మాత్రం 85 లెక్కలోకే వస్తుందేమో, దాని కింద ఎవరూ కవిత్వం రాయలేరు.

మట్టి వాసన కాదు

వాన అనగానే అందరూ మట్టి వాసన అంటారు. నేనూ అలాగే మొదలుపెడదామనుకున్నా. దానికి పెట్రికోర్ అని 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్, పేరు పెట్టారు. ఎండిన మట్టిలో, రాళ్ళలో పేరుకున్న నూనెలు, వాటితో పాటు మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం, చినుకు పడినప్పుడు గాల్లోకి లేస్తాయి. జియోస్మిన్‌ని మన ముక్కు ఎంత సన్నగా ఉన్నా పట్టేస్తుంది. కన్నౌజ్‌లో ఆ వాసనని అత్తరుగా కూడా పడతారు. వాసనలకి మెదడులో జ్ఞాపకాల భాగంతో దగ్గరి దారి ఉంది కాబట్టి పాత సంగతులు గుర్తొస్తాయి. ఇదంతా కరెక్టే.

కానీ ఆలోచించండి. ఆ వాసన రావాలంటే ముందు నేల ఎండి ఉండాలి. అది తొలకరి వాసన. అక్టోబర్‌లో మూడో రోజు ముసురులో మట్టి వాసన ఎక్కడిది? మా హాస్టల్‌లో అయితే ఆరని బట్టల వాసన, తడి డోర్‌మ్యాట్ వాసన. అయినా రాయాలనిపించింది కదా. అంటే తొలకరి వాన పుట్టించే ఉత్సాహం వేరు, శరత్తు ముసురు పుట్టించే ఈ కోరిక వేరు. మొదటిది బయటికి పరుగెత్తమంటుంది. రెండోది లోపల కూర్చోబెడుతుంది.

ఈ లోపల కూర్చోవడం గురించి ఒక సరదా ప్రయోగం చదివా. 2009లో సిడ్నీలో జోసెఫ్ ఫోర్గాస్ బృందం ఒక దుకాణంలో కౌంటర్ దగ్గర పది చిన్న చిన్న వస్తువులు పెట్టి, బయటికి వచ్చినవాళ్ళని ఎన్ని గుర్తున్నాయని అడిగింది. ఎండ రోజున కన్నా మబ్బు, వాన రోజుల్లో వచ్చినవాళ్ళకి దాదాపు మూడు రెట్లు ఎక్కువ గుర్తున్నాయి. దుకాణంలో పాటలు కూడా వాతావరణానికి తగ్గట్టే పెట్టారు కాబట్టి మొత్తం ఘనత వానదే అనలేం. కానీ మనసు కొంచెం దిగులుగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవాటిని జాగ్రత్తగా చూస్తాం అన్నది వాళ్ళ వివరణ. సైకిల్ స్టాండ్‌లో ఆ కుక్కని నేను రోజూ చూస్తా. దానికి ఒక చెవి చివర తెగి ఉందని ఆ రోజే చూశా.

కదలలేని రోజులు

వెలుతురు, చప్పుడు, దిగులు. ఇవన్నీ ఒంటికి సంబంధించినవి. వీటికంటే పెద్ద కారణం ఒకటుందని నాకు అనిపిస్తోంది. వాన మనల్ని ఆపేస్తుంది.

రోడ్లు లేని కాలంలో వానాకాలం అంటే ప్రయాణం బంద్. సన్యాసులు ఊరూరా తిరగడం మాని ఒకచోట ఉండే చాతుర్మాస్యం అందుకే వచ్చింది. బౌద్ధ భిక్షువులకి కూడా వర్షావాసం ఉంది. రామాయణంలో వాలి వధ అయిపోయాక సీతని వెతకడానికి వెంటనే బయల్దేరాలి కదా. కానీ వానలు మొదలయ్యాయి. రాముడు ప్రస్రవణ పర్వతం మీద గుహలో నాలుగు నెలలు ఆగిపోతాడు. కిష్కింధకాండలో వానని, ఆ తర్వాత శరత్తుని అంత వివరంగా వర్ణించేది అక్కడే, అదీ రాముడి నోటితో. చేతిలో బాణం ఉంది, పక్కన తమ్ముడున్నాడు, చెయ్యడానికి మాత్రం ఏమీ లేదు. చెయ్యడానికేమీ లేని ఆ ఖాళీలోకే మాటలు వచ్చాయి.

రష్యాలో పుష్కిన్ కథ కూడా ఇదే. 1830 సెప్టెంబర్ మొదట్లో ఆస్తి పని మీద బోల్డినో అనే ఊరికి వెళ్ళాడు. పెళ్ళి కుదిరి ఉంది, పని చూసుకుని త్వరగా మాస్కో వెళ్ళిపోదామనుకున్నాడు. ఇంతలో కలరా వచ్చి దారులు మూసేశారు. వెళ్ళడానికి ప్రయత్నించినా క్వారంటైన్ దగ్గర వెనక్కి పంపేశారు. అలా శరత్తు అంతా, దాదాపు మూడు నెలలు, ఆ ఊళ్ళోనే. ఆ మూడు నెలల్లో బెల్కిన్ కథలు ఐదు, చిన్న నాటకాలు నాలుగు, సుమారు ముప్ఫై కవితలు రాశాడు. ఏళ్ళ తరబడి సాగుతున్న యెవ్‌గెనీ ఒనెగిన్‌ని కూడా దాదాపు ముగించాడు. రష్యన్లు ఇప్పటికీ దాన్ని బోల్డినో శరత్తు అని చెప్పుకుంటారు. ఆయనకి శరత్తు ఎప్పుడూ ఇష్టమే. కానీ ఆ సంవత్సరం అంత రాయడానికి ఇష్టం ఒక్కటే చాలలేదు, దారులు మూసుకుపోవడం కూడా కావాల్సి వచ్చింది.

అంటే నాకు అర్థమైంది ఇది. వాన మనకి మాటలు ఇవ్వదు. మాటలు ముందే లోపల ఉన్నాయి, రోజూ ఉన్నాయి. వాటి మీద మనం బస్ టైమింగ్స్, రికార్డ్ సబ్మిషన్, నోటిఫికేషన్లు అన్నీ పేర్చి ఉంచుతాం. ముసురు వాటిని పక్కకి జరుపుతుంది. ఎండ రాగానే మళ్ళీ అన్నీ వచ్చి కూర్చుంటాయి. అందుకే ఆ కోరిక ఎండ వచ్చాక నిలవదు. శుక్రవారం ఎండ కాసింది. నేను ఒక్క లైన్ కూడా రాయలేదు.

మన సాహిత్యంలో ఒక శరత్తు

ఇదంతా మా క్లబ్ మీటింగ్‌లో చెబితే ఒక సీనియర్ అక్క నన్నయ్య గురించి చెప్పింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ్య మహాభారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. ఆయన చివరి పద్యంగా చెప్పేది శరత్కాలపు రాత్రుల వర్ణన. తిక్కన ఆ మిగిలిన భాగం వదిలి విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి, నన్నయ్య ఆపిన చోటే అందుకున్నాడు. ఆయన మొదటి పద్యం కూడా శరత్తే. నన్నయ్యది రాత్రి, ఎర్రనది మబ్బులు విడిపోయిన శరత్కాలపు ఉదయం.

ఆ రాత్రికీ ఆ ఉదయానికీ మధ్య రెండున్నర శతాబ్దాలకి పైగా గడిచాయి! నాకు ఒళ్ళు జలదరించింది. పద్యాలు నాకు పూర్తిగా అర్థం కావు, అక్క పదం పదం విప్పి చెబితే గానీ. కానీ ఒకరు సగంలో వదిలేసిన కాగితాన్ని ఇంకొకరు అదే వాతావరణంలోంచి పట్టుకోవడం అర్థమైంది. నా డీబీఎంఎస్ రికార్డ్ వెనక ఉన్న రెండున్నర పేజీలు గుర్తొచ్చాయి. వాటిని ఎవరు అందుకుంటారు? ఇంగ్లీష్‌లో ఉన్నాయి. తాతయ్యకి ఇంగ్లీష్ రాదు.

మాస్క్ చెయ్యలేని ఇంటరప్ట్

ఇంటరప్ట్‌ల పాఠంలో ఇంకో ముక్క ఉంది. అన్నిటినీ మాస్క్ చెయ్యలేం. మెమరీ పాడవడం లాంటి పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు వచ్చేదాన్ని నాన్ మాస్కబుల్ ఇంటరప్ట్ అంటారు. ఎంత ముఖ్యమైన పనిలో ఉన్నా దాన్ని వినాల్సిందే. "చేను పడిపోయింది తల్లీ" నాకు అలాంటిది.

దీపావళి సెలవులకి ఊరెళ్ళినప్పుడు తాతయ్యతో చేలోకి వెళ్ళా. సార్వా వరి, గింజ పాలు పోసుకుని గట్టిపడే టైమ్. కంకి బరువుగా ఉంటుంది, కింద నేల మెత్తబడుతుంది, కొంచెం గాలి తోడైతే చాలు, చేను చాప చుట్టినట్టు పడుకుంటుంది. నీళ్ళలో ఎక్కువ రోజులుంటే గింజ రంగు మారుతుంది, ముదిరిన కంకి అయితే మొలకలు కూడా వచ్చేస్తాయి. గట్టుకి గండి కొట్టి నీళ్ళు కాలవలోకి వదిలారు. పడిన దుబ్బుల్ని నాలుగైదేసి కలిపి కట్టి నిలబెట్టారు. నేనూ ఒక అరగంట కట్టా, నడుం పోయింది.

ఇంటికొచ్చాక అడిగా, "తాతయ్యా, నీకు వానంటే కోపం రాదా?" అని.

"కోపమెందుకే? వాన లేకపోతే చేనే లేదుగా. టైమ్ తప్పింది, అంతే," అన్నాడు. తర్వాత అలమరలోంచి ఒక పాత డైరీల కట్ట తీసి నా ముందు పెట్టాడు. ఎవరో ఏటా ఇచ్చే ఉచితం డైరీలు. చాలా పేజీలు ఖాళీ. రాసి ఉన్నవాటిలో ఎక్కువ వాన రోజులే.

గొలుసుకట్టు రాత. నాకు చదవడానికి చాలా కష్టమైంది, ఒక్కో లైన్‌కి ఆయన్నే అడగాల్సి వచ్చింది. స్వాతి కార్తె, రాత్రి నుంచి ముసురు, కాలవ నిండింది. ఇంకో పేజీలో, దక్షిణం వైపు చేను పడింది, గొడ్లకి గడ్డి తడవకుండా కప్పాం. ఒకచోట, ఈ రోజు వాన, అమ్మాయికి మనవరాలు పుట్టిందని కబురొచ్చింది. ఆ మనవరాలు నేనే.

"నువ్వూ వానొస్తేనే రాస్తావా తాతయ్యా?"

"మిగతా రోజులు పనుంటుంది కదమ్మా. వానరోజు బయటికెళ్ళలేం. కూర్చుని రాసుకోవడమే."

నేను పది రోజులు చదివి తెలుసుకున్నది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. అయితే ఆయన రాతకీ నా రాతకీ ఒక తేడా ఉంది. నేను వాన చూసి నా గురించి రాసుకున్నా. ఆయన వాన ఏం చేసిందో రాశాడు. నా రెండున్నర పేజీల్లో బాగుంది, హాయిగా ఉంది అన్నవి చాలాసార్లు ఉన్నాయి. కాలవ, గడ్డి, గట్టు ఒక్కసారి కూడా లేవు. అలా రాసినందుకు సిగ్గుపడాలని నేను ఇప్పుడు అనుకోవట్లేదు. కిటికీ దగ్గర కూర్చుంటే కిటికీలోంచి కనిపించేదే రాస్తాం. కానీ ఆ వాన ఇంకోచోట కూడా కురుస్తోందని తెలిసి రాయడం వేరు.

మరి మనం ఏం చెయ్యాలి?

ఈసారి ముసురు పట్టినప్పుడు మీకూ అలా అనిపిస్తే, నాకు పనికొచ్చినవి కొన్ని చెప్తా.

వెంటనే మొదలుపెట్టండి. "రాత్రి ప్రశాంతంగా రాద్దాం" అంటే వాన ఆగిపోతుంది, మీరూ ఆగిపోతారు. రికార్డ్ వెనక పేజీ అయినా పర్లేదు.

ఫోన్ పక్కన పెట్టండి. కరెంట్ పోయి, ఛార్జింగ్ అయిపోవడం నాకు ఆ రోజు జరిగిన గొప్ప మేలు. వాన బయటి ఇంటరప్ట్‌లని మాత్రమే మాస్క్ చేస్తుంది, చేతిలో ఉన్నదాన్ని మనమే చెయ్యాలి.

వాన "ఎలా ఉంది" అని కాకుండా ఎలాంటి వానో చూడండి. తుప్పరా, జల్లా, జడివానా, కుండపోతా? మన భాషలో ఒక్కోదానికీ ఒక్కో పేరుంది. సరైన పేరు దొరికితే సగం వర్ణన అయిపోయినట్టే.

రాశాక ఒక ఫోన్ చెయ్యండి. అదే వానలో వేరే పనిలో ఉన్న ఒకరికి. ఇంట్లో వాళ్ళకైనా, ఊళ్ళో వాళ్ళకైనా, తడుస్తూ ఫుడ్ డెలివరీ చేస్తున్న మీ స్కూల్ ఫ్రెండ్‌కైనా. వాళ్ళు చెప్పిన ఒక్క మాట మీ పేజీలోకి రానివ్వండి.

ఇక భాష సంగతి. నాకు ఒత్తులు తప్పుతాయి, ణ ఎక్కడో న ఎక్కడో ఇప్పటికీ డౌటే. ఈ వ్యాసం మొదటి డ్రాఫ్ట్‌లో మా ఎడిటర్ అన్నయ్య పెట్టిన ఎర్ర గీతలు నేను లెక్కపెట్టలేదు, లెక్కపెడితే మానేసేదాన్ని. "ముందు తెలుగు బాగా నేర్చుకుని తర్వాత రాద్దాం" అని నేను స్కూల్ రోజుల నుంచి అనుకుంటూనే ఉన్నా. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. తప్పులతో అయినా రాయడం మొదలుపెట్టినప్పుడే ఎక్కడెక్కడ తప్పుతున్నానో తెలిసింది.

ఆ రెండున్నర పేజీలు ఇప్పుడు తెలుగులో మళ్ళీ రాశా. కుక్క ఉంది, వేరుశనక్కాయలు ఉన్నాయి, కాలవ గట్టు కూడా వచ్చింది. అచ్చు తీసి తాతయ్యకి పంపా, అక్షరాలు పెద్దవి పెట్టి. రెండు రోజులకి ఫోన్ చేశాడు. బాగుందనీ బాగాలేదనీ ఏమీ అనలేదు. "దుబ్బులు నాలుగైదేసి కాదు, చేను ఎంత పడిందో చూసుకుని కట్టాలి, అది సరిచెయ్యి," అన్నాడు.

పైన మాత్రం నాలుగైదేసి అనే ఉంచా. నేను కట్టినవి అన్నే.